తొందరగా చేసే పిల్లకి ఇంకో ఇరవై లెక్కలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మేము బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం, మా పాప నాలుగో క్లాసు. స్కూల్లో లెక్కలు ఇస్తే అందరికంటే ముందే చేసేసి నోట్సు మూసి కూర్చునేది, ఖాళీగా ఉంటే అల్లరి చేస్తుందని టీచర్ అవే గుణకారాలు ఇంకో ఇరవై ఇచ్చేవారు. ఈ మధ్య చూస్తే ఒక్కో అంకె దిద్దుతున్నట్టు నెమ్మదిగా రాస్తోంది. ఏమైందే అంటే "తొందరగా చేస్తే ఇంకా ఇస్తారమ్మా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

టీచర్‌ని అనడం లేదు. నలభై మందిని ఒక్కరే చూసుకోవాలి, ఇలాంటి పిల్లలకి ఎలా చెప్పాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. బీఎడ్‌లో దీనికి ప్రత్యేక ట్రైనింగ్ పెట్టొచ్చని, స్కూళ్లలో సబ్జెక్టు క్లబ్బులు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానంలో రాశారు కానీ మా చుట్టుపక్కల నాకైతే ఎక్కడా కనపళ్లేదు. పైగా చురుకైన పిల్లల కోసం పెట్టే ఎన్‌టీఎస్‌ఈ స్కాలర్‌షిప్ పరీక్ష 2021 నుంచి ఆగిపోయింది, ఇక్కడి సైన్సు సంస్థ ఐఐఎస్‌సీ నడిపిన కేవీపీవై అనే సైన్సు స్కాలర్‌షిప్‌ని 2022లో ఇన్‌స్పైర్ అనే ఇంకో పథకంలో కలిపేశారు.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది. పాఠం చివర ఉండే కష్టమైన లెక్కలు ఐదు ముందే ఇవ్వండి, తప్పు లేకుండా చేస్తే మిగతావి మాఫీ, ఆ టైములో బుర్ర పెట్టాల్సింది ఒకటి ఇవ్వండి. మొన్న నేను పాపని అడిగా, రెండు సంఖ్యలు గుణిస్తే 1000 రావాలి, రెండిట్లోనూ సున్నా ఉండకూడదు అని. గంటసేపు నేల మీద పడుకుని కొట్టేస్తూ రాస్తూ 8, 125 పట్టుకుంది. నేను చపాతీలు చేస్తుంటే మళ్లీ వచ్చి, పదివేలకి 16, 625 అమ్మా, లక్షకీ ఉంటాయేమో చూస్తా అని పరిగెత్తింది. నేను అడగనేలేదు అది!

మాకైతే నెహ్రూ ప్లానిటోరియం ఉంది, కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది, తీసుకెళ్తాం. మా వీధిలో బిల్డింగు కడుతున్న మేస్త్రీ గారిది అనంతపురం వైపు, ఆయన కొడుకు ఇక్కడ కన్నడ మీడియం గవర్నమెంటు స్కూల్లో చదువుతున్నాడు, దిగిన ఇటుకల లెక్క నోటితోనే చెప్పేస్తాడు. వాణ్ని ఎవరు తీసుకెళ్తారు? కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు వ్యాన్లలో సైన్స్ సామాను వేసుకుని గవర్నమెంటు స్కూళ్లకే వెళ్తారు, లెక్కలకి కూడా అలాంటిది ప్రభుత్వమే ప్రతి మండలంలో, ఇక్కడైతే ప్రతి వార్డులో పెట్టాలి.

మీకూ ఒక విన్నపం. వారానికి ఒక్క లెక్క వెయ్యండి, జవాబు మాత్రం పై వారమే ఇవ్వండి. మేస్త్రీ గారు పొద్దున టీ కొట్టు దగ్గర మీ పేపరే చదువుతారు, కొడుకుకి చదివి వినిపిస్తానన్నారు.

ఇట్లు
ఒక అమ్మ, కేఆర్ పురం, బెంగళూరు