ముడి బియ్యం సంచిపై తప్పుడు హామీ, పరీక్ష ఫలితాలు ఇవ్వకపోవడం గురించి ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

వినియోగదారుల విభాగం అధికారి గారికి,

నమస్కారములు. మా అమ్మాయికి రక్తహీనత ఉన్నందువల్ల, ఎనిమిది నెలల మనవరాలికి ఉగ్గు పెట్టవలసి ఉన్నందువల్ల, మీ ముడి బియ్యం (తవుడు పొర తీయని బియ్యం) సంచి మీద “ఇనుము పుష్కలం, భార లోహాలు అసలు లేవు” అని రాసి ఉన్నదాన్ని నమ్మి గత నెల ఐదు కిలోలు కొన్నాను.

తవుడు పొర ఉన్న బియ్యంలో మెగ్నీషియం, భాస్వరం, జింకు ఎక్కువన్న మాట నిజమే. అయితే ఆ పొరలోనే ఉండే ఫైటిక్ ఆమ్లం ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. నీరు నిలిచిన మడిలో గాలి ఆడని మట్టి నుంచి కరిగే ఆర్సెనిక్ (విషపూరితమైన భార లోహాల్లో ఒకటిగా లెక్కించేది), వరి సిలికాను పీల్చుకునే దారిలోనే వేళ్లలోకి చేరుతుంది. గింజలో అకర్బన ఆర్సెనిక్ (కార్బన్‌తో కలవని, ఎక్కువ విషపూరితమైన రూపం) తవుడులోనే ఎక్కువగా ఉంటుంది. అందుకే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ సంస్థ ఈ ఆర్సెనిక్‌కు కిలోకు 2014లో పాలిష్ బియ్యానికి 0.2 మిల్లీగ్రాములు, 2016లో ముడి బియ్యానికి 0.35 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. అలాంటప్పుడు “అసలు లేవు” అని ఏ పరీక్ష ఆధారంగా రాశారు?

ఇదే మాట రెండుసార్లు ఫోనులో అడిగాను. మొదటిసారి “ప్రమాణాలకు లోబడే ఉంది” అన్నారు. రెండోసారి బ్యాచ్ నంబరు అడిగారు. బియ్యం కడిగిన చేత్తో సంచి పట్టుకోగానే ఆ నంబరు చెరిగి, సిరా నీలంగా నా బొటనవేలికి అంటుకుంది.

మరొకటి, “గంజి వార్చవద్దు” అని సంచి మీద రాశారు. ఎసట్లో నీళ్లు ఎక్కువ పోసి, ఉడికాక వారిస్తే ఆర్సెనిక్‌లో కొంత గంజితో పోతుంది, కొన్ని ఖనిజాలూ పోతాయి. పైగా మా వైపు ఆ గంజిని పారబోయరు, ఉప్పు వేసుకుని తాగుతారు. పసిబిడ్డల తల్లులకు ఈ సంగతులన్నీ చెప్పవలసిన బాధ్యత మీకు లేదా?

కాబట్టి నేను కొన్న సరుకుకు సంబంధించి అకర్బన ఆర్సెనిక్, కాడ్మియం, సీసం పరీక్ష నివేదికను 15 రోజుల్లో పంపవలసిందిగా, “అసలు లేవు” అన్న మాట తొలగించవలసిందిగా, వండే విధానాన్ని ఒడియాలోనూ తెలుగులోనూ సరిచేసి ముద్రించవలసిందిగా కోరుతున్నాను. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మిగిలిన మూడు కిలోల బియ్యాన్ని సంచితో సహా డబ్బాలో మూత పెట్టి ఉంచాను; పరీక్షకు మీ మనిషిని పంపితే ఇస్తాను.

భవదీయురాలు,
మీ వినియోగదారు