నాటే ముందు ఒక్క నిమిషం

అందరికీ నమస్కారం. ఈ వారం ప్రార్థన అయ్యాక ఆవరణలో మొక్కలు నాటుతున్నాం. గుంత 2 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉండాలి. పచ్చి పేడ వద్దు, వేళ్లు మాడిపోతాయి. బాగా చివికిన ఎరువే కలపండి.

దయచేసి ప్లాస్టిక్ కవరు కోసి పూర్తిగా తీసేయండి. కవరుతోనే పాతితే వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకుంటాయి, కొన్నేళ్లకు చెట్టు గాలికి ఒరిగిపోతుంది. ఇప్పటికే చుట్టుకుని ఉంటే కత్తితో నిలువుగా 3 గాట్లు పెట్టండి. కాండం మొదలు మట్టిలో కూరుకుపోకూడదు, కుళ్లుతుంది. ఎండుటాకులు 3 అంగుళాల మందాన పరవండి, కాండానికి తగలకుండా.

వాన లేని వారాల్లో రెండుసార్లు 10 లీటర్ల చొప్పున పోయాలి. ప్రార్థనకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే నీళ్లు, సబ్బు కలవకపోతే, నేరుగా పాదులోకి మళ్లించవచ్చు. ఏ మొక్కకు ఏ ఇంటివాళ్లు నీళ్లు పోస్తారో ఇక్కడే రాయండి.