ఇప్పటికే సైకిలు తొక్కుతున్నవాళ్ల సంగతి ముందు చూడండి: గ్రేటర్ వరంగల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

నమస్కారం. 2021లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ, నగరాల్లో సైకిలు వాడకం పెంచేందుకు పెట్టిన 'ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో గెలిచిన 11 నగరాల పేర్లు ప్రకటించింది. బెంగళూరు, సూరత్, చండీగఢ్‌ల పక్కన వరంగల్ పేరు చూసి సంతోషపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పోటీ నడిపిన స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చితో ముగిసింది. ఇక సైకిళ్ల సంగతేమైందని ఢిల్లీ నుంచి అడిగేవాళ్లు ఉండరు. అడగాల్సింది ఊళ్లోవాళ్లమే కాబట్టి ఈ ఉత్తరం.

సైకిలు అనగానే ఏ ఆఫీసులోనైనా ముందు గుర్తొచ్చేది ర్యాలీ. ఆదివారం పొద్దున జెండా ఊపడం, తెల్ల టీషర్టులు, ఫొటో. ర్యాలీలంటే నాకేం కోపం లేదు, పిల్లలు సరదా పడతారు. కానీ ఆ ఫొటోలోకి ఎప్పుడూ రాని సైకిళ్లు ఊళ్లో బోలెడున్నాయి. పేపర్ వేసే కుర్రాళ్లవి, క్యాన్లు తగిలించుకున్న పాలవాళ్లవి, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా వేలాడదీసుకుని పనికి పోయే మేస్త్రీలవి, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్లవి. వీళ్లు ఆటో డబ్బులు మిగులుతాయని తొక్కుతారు. నెల వాయిదాల మీద సెకండ్ హ్యాండ్ బండి దొరికిందంటే సైకిలు మూలన పడుతుంది. జనం చేత సైకిలు ఎలా తొక్కించాలన్న మీటింగ్ పెట్టే ముందు, తొక్కుతున్నవాళ్లు ఎందుకు మానేస్తున్నారో వాళ్లనే అడిగించండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా పోచమ్మ మైదాన్, సుబేదారి, కాజీపేట చౌరస్తాలో మనుషుల్ని నిలబెట్టి, ఎన్ని సైకిళ్లు పోతున్నాయో లెక్క రాయించండి. మీరు ఖర్చు పెట్టాల్సిన చోటేదో ఆ లెక్కే చెబుతుంది.

ఎక్కువమంది చెప్పే జవాబు భయమే అయ్యుంటుంది. దేశంలో ఏటా నాలుగు వేలమందికి పైగా సైకిలు మీద పోతూ రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు. వెనకాల లారీ హారన్ కొడుతుంటే ఆరోగ్యం గురించి ఎంత ఉపన్యాసం ఇచ్చినా ఎవరు వింటారు?

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. హైదరాబాద్‌లో 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, దాన్నుంచి 16 మెగావాట్ల కరెంటు. చూడముచ్చటైన పని. కాకపోతే దాని మీద తొక్కడానికి సైకిల్ని కారు వెనక కట్టుకుని వెళ్లేవాళ్లు ఎందరో. మనకూ అలాంటిదొకటి కావాలని ఎవరైనా ఫైలు తెస్తే దయచేసి పక్కన పెట్టండి.

చూడాల్సిన ఊరు స్పెయిన్‌లోని సెవిల్. 'మన ఎండలకు సైకిలేంటండీ' అనేవాళ్లకు కూడా ఆ పేరే చెప్పొచ్చు, వేసవిలో అక్కడా 40 డిగ్రీలు దాటుతుంది. 2006కు ముందు ఆ ఊళ్లో సైకిలు తొక్కేవాళ్లు చాలా తక్కువ. అప్పుడు ఏడాదికో ముక్క చొప్పున కాకుండా, ఒక్క ఊపున దాదాపు 80 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, తర్వాత 120కి పెంచారు. జాగా ఎక్కువగా రోడ్డు పక్కన కార్లు ఆపే చోటు నుంచే తీశారు. ట్రాక్‌కీ రోడ్డుకీ మధ్య కార్లు ఎక్కకుండా అడ్డు పెట్టారు. కొన్నేళ్లకే రోజూ జరిగే సైకిలు ప్రయాణాలు పది రెట్లు అయ్యాయి. ముక్కలు ఒకదానితో ఒకటి కలవడమే అసలు కిటుకు. నల్లా పైపు వీధి మొదట్లోనే ఆగిపోతే ఇంట్లో బిందె నిండదు కదా.

మనకు 80 కిలోమీటర్లు అడగడం లేదు. కాజీపేట నుంచి నిట్, సుబేదారి, హనుమకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్ స్టేషన్ దాకా ఒక్క దారి, తెగకుండా వేయండి. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడు ఊళ్లనూ కలిపేది ఇదే. రెండు స్టేషన్లు, కోర్టు, కాలేజీలు, పెద్దాసుపత్రి అన్నీ దీని మీదే ఉన్నాయి. గీత గీసి వదిలేస్తే మాత్రం సాయంత్రానికల్లా అక్కడ కార్లు, పానీపూరీ బండ్లు ఉంటాయి. రాతి అంచో, స్తంభాలో కావాలి. ఒక వైపు పోవడానికి కనీసం రెండు మీటర్ల వెడల్పు ఉండాలి. బస్టాపుల దగ్గర ట్రాక్‌ను స్టాపు వెనక నుంచి తిప్పాలి, లేకపోతే బస్సు పక్కకొచ్చిన ప్రతిసారీ సైకిలు మనిషి నలిగిపోతాడు. కాజీపేట రైల్వే బ్రిడ్జి దగ్గర ఇంజినీర్లకు నిజంగానే పని పడుతుంది, అక్కడ తేలిక జవాబు లేదు.

మొదటి అభ్యంతరం షాపులవాళ్ల నుంచి వస్తుంది. బండి ఆపుకోనివ్వకపోతే గిరాకీ పోతుందంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయొద్దు. సరుకు దించుకోవడానికి వేళలు పెట్టండి, పక్క వీధుల్లో పార్కింగ్ చూపించండి, అవసరమైతే మూడు నెలలు ఒక పక్కనే వేసి చూడండి. వార్డు నాయకుడి ఫోన్ రాగానే రాళ్లు పీకించకండి, అంతే.

పైసా ఖర్చులేని పనులూ ఉన్నాయి. డ్రైనేజీ జాలీల చువ్వలు రోడ్డు వెంట నిలువుగా ఉంటే ముందు చక్రం వాటిలో దిగబడుతుంది, అడ్డంగా తిప్పి వేయిస్తే చాలు. తారు కొత్త పొర వేసినప్పుడల్లా మ్యాన్‌హోల్ మూతను రోడ్డు ఎత్తుకు లేపితేనే బిల్లు పాస్ చేయండి. ఇక పంక్చర్ వేసేవాళ్లు. ఆక్రమణల డ్రైవ్ మొదలైతే అందరికంటే ముందు లేచిపోయేది చెట్టు కింద గాలి పంపు పెట్టుకున్న మనిషే. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద వాళ్లకు గుర్తింపు కార్డులిచ్చి, చౌరస్తాల దగ్గర చోటు చూపించండి. చైన్ తెగితే రెండు కిలోమీటర్లు నెట్టుకుంటూ పోవాల్సిన ఊళ్లో ఎవరూ సైకిలు కొనరు.

ఆడపిల్లల సంగతి విడిగా రాస్తున్నాను. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బివ్వడం మొదలుపెట్టింది. దాని మీద కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ చేసిన పరిశోధనలో, హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగినట్టు తేలింది. మన దగ్గర చాలా ఇళ్లలో సైకిలు కొనివ్వగలరు, రోడ్డు మీదికి పంపాలంటేనే తల్లిదండ్రులకు టెన్షన్. పెద్ద స్కూళ్ల చుట్టూ అర కిలోమీటరు మేర, బడి మొదలయ్యే వేళ, వదిలే వేళ వాహనాలు గంటకు 30 కిలోమీటర్లు దాటకుండా పోలీసువారితో మాట్లాడి కట్టడి చేయించండి. సందుల్లో స్పీడ్ బ్రేకర్లు, ఆ దారిలో వీధి లైట్లు మీ చేతిలోని పనులే.

సైకిళ్ల లెక్క ముందు చేయించి, వార్డు ఆఫీసుల్లో అంటించండి. ఆ తర్వాత వచ్చే బడ్జెట్‌లో పార్కుల పద్దులోనో క్రీడల పద్దులోనో కలిపేయకుండా, రోడ్ల పద్దు కిందే సైకిల్ దారికి విడిగా డబ్బు చూపించండి. ఆ కాగితాల కోసం ఎదురుచూస్తాం.

ఇట్లు,
హనుమకొండ వాసి