సార్ పేరిట స్కాలర్‌షిప్ నిధి: 2024-25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, సార్ దగ్గర చదువుకున్న మిత్రులందరికీ నమస్కారం.

హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పిన మా సార్ జ్ఞాపకార్థం, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే పిల్లలకు ఇస్తున్న స్కాలర్‌షిప్ లెక్క ఇది. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. నిరుడు వర్ధంతి సభకు ఫ్లెక్సీ, శాలువాలు, టీ, సమోసాల కోసం నిధి నుంచి 6,480 రూపాయలు ఖర్చు పెట్టాం. లెక్క చదివిన పరకాల మిత్రుడొకరు ఫోన్ చేసి, "ఆ సమోసాలు స్కాలర్‌షిప్ పిల్లలు తిన్నారా, మనమే తిన్నామా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాం. కమిటీలోని ఐదుగురం ఆ సొమ్ము తలా కొంత వేసుకుని తిరిగి జమ చేశాం. ఈ ఏడు సభ సార్ భార్య, మా అమ్మగారి ఇంట్లోనే జరిగింది. శాలువాలు వద్దని ఆమె ముందే చెప్పారు.

ఇక జమ. ఏడాది మొదట్లో పొదుపు ఖాతాలో 11,340 రూపాయలున్నాయి. 61 మంది దాతల నుంచి 2,36,500 వచ్చాయి. పాత ఎనిమిది లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏడు శాతం చొప్పున 56,000 వడ్డీ రావాలి. బ్యాంకు మూలంలోనే 5,600 పన్ను పట్టుకుని 50,400 వేసింది. పట్టుకున్న సొమ్మును రిటర్నులో తిరిగి అడుగుతున్నాం, చేతికి వచ్చేదాకా జమలో చూపం. పొదుపు ఖాతా వడ్డీ 412. మేము తిరిగి కట్టిన 6,480 కలిపితే మొత్తం 3,05,132. ఇస్తామని మాట ఇచ్చి ఇంకా ఇవ్వని వారి సొమ్ము ఇందులో లేదు. మాటను పాస్‌బుక్‌లో రాయలేం.

ఆ 61 మందిలో ఒకరి సంగతి చెప్పాలి. జగిత్యాల దగ్గర బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లి పేరిట ఆయన లక్ష రూపాయలిచ్చారు. అమ్మ పేరుతో విడిగా ఒక స్కాలర్‌షిప్ పెట్టమన్నారు. లక్షకు ఏడాదికి వచ్చే వడ్డీ 7,000, అంటే నెలకు ఆరు వందలు కూడా కాదు. 24,000 రూపాయల స్కాలర్‌షిప్ ఏటా నిలబడాలంటే ఏడు శాతం లెక్కన దాదాపు మూడు లక్షల నలభై మూడు వేల అసలు కావాలి. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే ఆయన కాసేపు మౌనంగా ఉండి ఒప్పుకున్నారు. ఇకపై ఏటా ఒక విద్యార్థికి ఇచ్చే ఉత్తరంలో సార్ పేరు పక్కన ఆ తల్లి పేరూ ఉంటుంది.

ఖర్చు చిన్నదే. విరాళాలుగా వచ్చిన 2,36,500 పైసా మిగల్చకుండా కొత్త డిపాజిట్‌లో వేశాం. ఇద్దరు విద్యార్థులకు రెండు విడతల్లో 48,000. దరఖాస్తు ఫారాలకు, జిరాక్సులకు 1,260. బ్యాంకు చార్జీలు 354. మొత్తం 2,86,114 పోగా నిల్వ 19,018. అది మిగులు కాదు. వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది, మొదటి విడత మాత్రం జులైలోనే ఇవ్వాలి.

పదిహేడు దరఖాస్తులు వచ్చాయి. మార్కులొక్కటే చూడలేదు. మొదటి ర్యాంకు వారికి స్నాతకోత్సవంలో బంగారు పతకాలు ఎలాగూ ఉన్నాయి. మెస్ బిల్లు కట్టలేక చదువు మానేసే స్థితిలో ఉన్నదెవరని చూశాం. ఒక దాత తన బంధువుల అబ్బాయి పేరు సూచించారు. మర్యాదగానే కాదన్నాం. ఎంపికైన వారి పేర్లు, ఫొటోలు ఎక్కడా పెట్టం. సాయం తీసుకున్నందుకు ఎవరూ వేదికెక్కి నిలబడాల్సిన పని లేదు.

మూడో స్కాలర్‌షిప్ ఎప్పుడని చాలామంది అడుగుతున్నారు. అసలు ఇప్పుడు 10,36,500. ఏడు శాతమైతే 72,555 వస్తుంది, ముగ్గురికి 72,000 సరిపోతుంది. కానీ 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 నుంచి 5.50 శాతానికి తగ్గించింది. అది తగ్గితే డిపాజిట్ల వడ్డీ కూడా తగ్గుతుంది. పాత డిపాజిట్ గడువు వచ్చే ఏడాది తీరుతుంది. అప్పుడు ఆరు శాతమే దొరికితే వచ్చేది 62,190, ముగ్గురికి ఇవ్వడానికి 9,810 తక్కువ. అసలులోంచి కాస్త తీస్తే ఏమవుతుందని కమిటీలోనే ఒకరన్నారు. మన వైపు మిత్తికి తెచ్చిన అప్పులు అసలును ఎలా మింగుతాయో చూసినవాళ్లం, ఇక్కడ మిత్తి మన వైపు ఉన్నప్పుడు అసలు మీద చెయ్యి వేయడమెందుకని మిగతా నలుగురం కాదన్నాం. ఈ ఏడూ ఇద్దరికే. మిగిలే వడ్డీలో కొంత అసలులో కలుపుతాం, ఎందుకంటే పదేళ్ల తర్వాత ఇరవై నాలుగు వేలకు ఇప్పటి మెస్ భోజనం దొరకదు.

విరాళాలు వీలైనంతవరకు బ్యాంకు ద్వారానే పంపండి. 2,000 దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపే లేదు, అయినా రసీదు ఇస్తాం.

పాస్‌బుక్, డిపాజిట్ కాగితాలు, రసీదుల కట్టలు కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూడవచ్చు. టీ ఖర్చు ఆయన సొంతం.