ఆ పొడుగు కుర్రవాణ్ణి వదులుకుందామా?

కర్నూలు

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అందింది. మన బాస్కెట్‌బాల్ జట్టులోని పొడుగు కుర్రవాణ్ణి ఈ ఏడాదితో తీసేసి, అనంతపురం నుంచి అనుభవమున్న సెంటర్‌ను (రింగు దగ్గర ఆడే పొడగరిని) తెచ్చుకుందామన్న నీ మాట మీద మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆదోని మ్యాచ్‌లో రెండో క్వార్టర్ ముగియకముందే నాలుగు ఫౌళ్లు చేసి అతడు బెంచీ ఎక్కినప్పుడు నాకూ ఒళ్లు మండింది. ఐదో ఫౌల్ పడితే ఆట నుంచే పోవాలి గనుక చివరి క్వార్టర్ దాకా అతణ్ణి దాచుకోవలసి వచ్చింది. అప్పటికే మన పని అయిపోయింది.

అయితే ఆ నాలుగు ఫౌళ్లలో మూడు ఒకే తప్పు వల్ల వచ్చాయి. ఎదుటివాడు బంతిని ఎత్తి వేయబోతున్నట్టు నటించగానే మనవాడు గాలిలోకి లేస్తాడు, వాడు తాపీగా ఇతడి కిందికి వచ్చి ఫౌల్ సంపాదించుకుంటాడు. రెండో జబ్బు ఇంకా విచిత్రమైనది: రీబౌండ్ (గురి తప్పి రింగు నుంచి వెనక్కి వచ్చిన బంతి) అందుకోగానే బంతిని నడుము దాకా దించుతాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి రెండు చేతులా పట్టిన బంతిని ఐదున్నర అడుగులవాడు కింది నుంచి తట్టి లాక్కుపోతున్నాడంటే కారణం అదే.

సోమవారం నుంచి పొద్దున ఐదున్నరకే కోర్టుకు రమ్మంటున్నాను. ఎండెక్కితే ఆ సిమెంటు నేల సంగతి నీకు తెలుసు. నేను బంతిని బోర్డుకు కొడతాను, అతడు అందుకుని గడ్డం కిందికి లాక్కుని మోచేతులు వెడల్పు చేయాలి, ఆలోగా నేను కింది నుంచి తడతాను. మొదటి రోజు ఇరవైలో పదకొండు బంతులు పోగొట్టుకున్నాడు, నిన్న నాలుగే. (తర్వాత ఉగ్గాని, బజ్జీ ఖర్చు నాది, మూడు ప్లేట్లకు తక్కువ తినడు.)

పొడుగు చూసి మోసపోవద్దని హషీమ్ థబీట్‌ను గుర్తు చేశావు. 2009లో అమెరికా లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా తీసుకున్న ఆ ఏడడుగుల మూడంగుళాల ఆటగాణ్ణి మెంఫిస్ జట్టు రెండేళ్లు నిండకముందే హ్యూస్టన్‌కు పంపేసిన మాట నిజమే. మన సత్నాం సింగ్‌ను 2015లో డల్లాస్ 52వ ఎంపికగా తీసుకున్నా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడనివ్వలేదు. కానీ జెర్మేన్ ఓ నీల్‌ను ఎందుకు మరిచావు? హైస్కూలు నుంచి నేరుగా 1996లో తీసుకున్న ఆ కుర్రవాణ్ణి పోర్ట్‌లాండ్ నాలుగేళ్లు ఎక్కువగా బెంచీ మీదే కూర్చోబెట్టి, 2000లో అనుభవజ్ఞుడైన డేల్ డేవిస్ కోసం ఇండియానాకు ఇచ్చేసింది. నువ్వు చెప్పేదీ అచ్చంగా ఆ బేరమే. ఆ ఓ నీల్ 2002 నుంచి వరుసగా ఆరేళ్లు ఆల్‌స్టార్ అయ్యాడు. పోర్ట్‌లాండ్‌కైనా 2000లో కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ ఫైనల్‌కు ముందు మెట్టు) ఏడో మ్యాచ్‌లో ఓడిన తొందర ఉంది, మనకేం తొందర?

ఇంకొకటి, నీకు రుచించకపోవచ్చు. మన గార్డులు, అంటే బంతిని నడిపించేవాళ్లు, మన కుర్రవాడికి బంతి ఇవ్వరు. రింగు కింద చేయెత్తి నిలబడి ఎదురుచూసీ చూసీ మూడు సెకన్లు దాటగానే విజిల్ పడుతుంది, ఆ తప్పూ అతడి ఖాతాలోకే పోతుంది. ఈ పరిస్థితిలో అనంతపురం నుంచి ఎవరిని తెచ్చినా అదే గతి. అతడి ఆయాసం, ఫ్రీ త్రోల (ఫౌల్‌కు దొరికే ఉచిత షాట్ల) విషయంలో మాత్రం నీతో వాదించను. అవి నిజంగానే ఘోరంగా ఉన్నాయి.

దసరా వరకైనా ఉంచుదాం. నిర్ణయం చెప్పేముందు శనివారం రాత్రికి బస్సెక్కి రా. ఆదివారం పొద్దున కింది నుంచి బంతి తట్టే పని నీది.

నీ మిత్రుడు