ఇచ్ఛాపురం తుపాకీ దొరికిందిరా!

ఒరేయ్ బుజ్జిగా,

ఉగాదికి రాస్తానన్న ఉత్తరం. శ్రావణమాసం వచ్చేసింది. ఎన్ని తిట్లు తిట్టాలో అన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. ఫోన్‌లో చెప్పేద్దామంటే నువ్వు మధ్యలో నవ్వి నవ్వి కథ చెడగొడతావు, వాయిస్ మెసేజ్ పెడితే సగమే వింటావు. అందుకే కాగితం.

ముందు మామూలు సంగతులు. అందరం బాగున్నాం. పెద్దాడు ఎనిమిదిలోకి వచ్చాడు, చిన్నదానికి పన్ను ఊడింది. ఆఫీసు ఎప్పటిలాగే. గ్రీన్ కార్డు వచ్చిన సంగతి నీకు తెలుసు. సరే, అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. తుపాకీ కొన్నానురా. ఆగు, ఫోన్ తియ్యకు, చదువు. మన తుపాకీ. త్రీ నాట్ త్రీ!

ట్రెజరీ గార్డు డ్యూటీలో ఉన్న నాన్నకి మనిద్దరం క్యారేజీ పట్టుకెళ్లేవాళ్లం కదా. ఆయన అన్నం తింటుంటే నువ్వు వంగి రైఫిలు మీద అక్షరాలు కూడబలుక్కుని, 'ఇది మన ఇచ్ఛాపురంలో చేశారు' అని తేల్చేశావు. నేను కాదన్నందుకు నాలుగు రోజులు మాట్లాడలేదు. ఒరేయ్, అది ఇషాపూర్. కలకత్తా దగ్గర, హుగ్లీ ఒడ్డున ఉంది ఆ రైఫిల్ ఫ్యాక్టరీ. నాకు ఇప్పుడు రుజువు దొరికింది, అదీ టెక్సాస్‌లో!

మా ఊరికి గంట దూరంలో పాత సామాన్ల పక్కన ఒక తుపాకుల దుకాణం ఉంది. పెద్దాడి సైకిలు కోసం వెళ్లి ఊరికే లోపలికి తొంగిచూశాను. మూల స్టాండులో అరడజను పాత మిలిటరీ రైఫిళ్లు. నాలుగోది చూడగానే కాళ్లు ఆగిపోయాయి. ఆ మొండి మూతి ఎక్కడున్నా గుర్తుపట్టవూ? బారెల్ చివరిదాకా చెక్క కప్పుకుని, ముందు సైటుకి అటూ ఇటూ రెండు చెవులు. దుకాణం ముసలాయన తీసి చేతికిచ్చాడు. దగ్గర దగ్గర నాలుగు కిలోలు. బోల్టు, అంటే తూటా ఎక్కించడానికి లాగే కడ్డీ, దాని పిడి పక్కన కిరీటం, కింద జీఆర్ఐ, దాని కింద ఇషాపూర్, 1942. బెంగాలీవాళ్లు కొట్టిన ముద్ర, లండన్ రాజు పేరు, టెక్సాస్ దుకాణం, కొంటున్నది శ్రీకాకుళం ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు) కానిస్టేబులు కొడుకు. నవ్వొచ్చింది, ఎందుకో గొంతు కూడా పట్టేసింది. బ్రిటిష్‌వాళ్లు అప్పటికి కొత్త మోడలుకి మారిపోయినా మనవాళ్లు ఆ పాతదాన్నే చేస్తూ పోయారట. ఆ వెర్రి మొండితనం నాకు నచ్చింది.

బేరం చేశానా? చేశాను. నువ్వైతే ఇంకా తగ్గించేవాడివి. 475 డాలర్లు. హెచ్‌1బీ మీద ఉన్నన్నాళ్లూ మామూలుగా మనలాంటివాళ్లకి కొనే వీలే లేదు, కార్డు వచ్చింది కాబట్టి కుదిరింది. 4473 అని ఒక ఫారం, అందులో ప్రశ్నలే ప్రశ్నలు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను ఇన్ని అడగలేదు. దుకాణంవాడు ఎఫ్‌బీఐ వాళ్లతో సరిచూసుకుని పావుగంటలో ఓకే అన్నాడు. మన దగ్గరైతే త్రీ నాట్ త్రీ నిషేధిత బోరు, మామూలు మనిషికి లైసెన్సు రాదు. మీ పెదనాన్నగారు అడవిపందులకని కొనుక్కున్నది .315 అవడానికి కారణం అదే, ఇన్నాళ్లకి అర్థమైంది.

ఇంట్లో ఏమైందో రాయను. రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. చివరికి ఒప్పందం ఏమిటంటే: ఇనప బీరువా, తాళం చెవి ఆవిడ దగ్గర, ఇంట్లోకి ఒక్క తూటా రాకూడదు. నాకూ అదే కావాలి. నేనేమైనా కాల్చడానికి కొన్నానా?

ఇక దాని ఒళ్లు. బాబోయ్. ఎక్కడ చూసినా కాస్మోలిన్, అంటే తుప్పు పట్టకుండా పూసే గ్రీజు. ఎండి ఎండి బెల్లంపాకంలా గట్టిపడిపోయింది. బోల్టు లాగితే సగంలో ఇరుక్కుపోతోంది. విడిగా ఊడొచ్చే లోహం భాగాలన్నీ ట్రేలో పెట్టి మినరల్ స్పిరిట్‌లో నానబెట్టాను. అమ్మ పాత బ్రష్షులు దాచినట్టు నేనూ టూత్‌బ్రష్షులు దాస్తాను కదా, పనికొచ్చాయి. పై చెక్కలూ సామానూ ఊడదీసి నల్లటి చెత్తసంచుల్లో చుట్టి కారు అద్దం వెనక ఎండకి పెట్టాను. ఇక్కడి ఆగస్టు ఎండ రెంటచింతల ఎండకి తక్కువేం కాదు. సాయంత్రానికి చెక్కలోంచి గోధుమరంగు చెమట కారింది. తుడిచి మళ్లీ పెట్టడం, మళ్లీ తుడవడం, నాలుగు రోజులు. గరుకు కాగితం మాత్రం ముట్టుకోలేదు. చెక్క మీద చిన్న చిన్న ముద్రలుంటాయి, రుద్దితే పోతాయి. అన్నీ అయ్యాక అవిసె నూనె, అరచేత్తో. ఆ వాసన వస్తుంటే మీ నాన్నగారి వ్యాను గుర్తొచ్చింది, ఎందుకో తెలీదు.

బారెల్ లోపల చూశాను. మొదట చీకటి గొట్టం. తుడిచి తుడిచి వెలుతురుకి పెడితే ఐదు గాళ్లు, ఎడమవైపు మెలి తిరుగుతూ, లోపలంతా మెరుపు! రైఫిలు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లి గేజి పెట్టించాను కూడా, బోల్టు మూసినప్పుడు సందు ఎంతుందో చూస్తారు. పాసైంది. బోల్టు మీది నంబరూ బాడీ మీది నంబరూ ఒక్కటే. ఇన్నేళ్ల కాపురం విడిపోలేదన్నమాట.

ఇప్పుడు వినరా దరిద్రం.

బట్, అంటే భుజానికి ఆనించే చెక్క, దాని వెనక ఇత్తడి పట్టీకి చిన్న తలుపుంటుంది కదా. అందులోంచి ఇత్తడి నూనెసీసా, దాని కింద చుట్టచుట్టిన పుల్‌త్రూ, అదే బారెల్ తుడిచే తాడు, వచ్చాయి. చిన్నపిల్లాడిలా గంతేశాను. ఆ ఖాళీలోంచి చూస్తే లోపల లోతుగా ఒక పెద్ద స్క్రూ తల. బట్ కొంచెం ఊగుతోందని పొడుగు స్క్రూడ్రైవరు దించాను. రాత్రి పదకొండు. అందరూ పడుకున్నారు. బిగుతుగా ఉంది. బలంగా తిప్పాను.

'టప్'.

ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది. బారెల్ కింది పొడుగు చెక్క వెనక కొసన నిలువునా ఒక గీత. నా చేత్తో నేనే చీల్చాను. తర్వాత తెలిసింది, ఆ స్క్రూ ముందు కొస నలుపలకగా ఉంటుంది, అది వెళ్లి ముందు చెక్కలోని చిన్న పలకలో దిగి కూర్చుంటుంది. ముందు చెక్క తీయకుండా స్క్రూ తిప్పితే పలక తిరిగి చెక్కని చీల్చేస్తుంది. తెలిసినవాడు ఎవడైనా మొదట చెప్పేది అదే. నేను వీడియో సగంలో ఆపేశాను, పప్పు మాడుతోందని.

వడియాల కేసు తర్వాత నేనింత సిగ్గుపడింది ఇదే. నువ్వప్పుడు కాలవలో దాక్కున్నావు, నాకు దాక్కోవడానికి కాలవ కూడా లేదు.

రెండ్రోజులు దాని జోలికి పోలేదు. మూడో రోజు పొద్దున్నే నాన్నకి వీడియో కాల్ చేశాను, చీలిక కనిపించకుండా అవతలి వైపు తిప్పి పట్టుకుని. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. 'ఏట్రా, మనదే' అన్నారు. పుల్‌త్రూ చూపిద్దామని మూతిలోంచి దించబోతే ఒక్క అరుపు: 'అటు కాదు! బ్రీచి లోంచి, వెనకనుంచి వెయ్. చిందీ గుడ్డ నూనెలో ముంచి తిన్నగా లాగు. తాడు పక్కకి రాసుకుంటే మూతి అరిగిపోద్ది.' ఫైరింగ్ అయ్యాక మరిగే నీళ్లు గరాటాతో పోసి కడిగేవాళ్లమని చెప్పారు. కాలికి బొబ్బ ఎక్కిన మచ్చ చూపించడానికి పంచె ఎత్తబోయారు, అమ్మ ఆపింది.

తర్వాత అడిగారు, 'బట్ నంబరెంత?'

నేను చూడలేదురా ఆ సంగతే. గ్రీజు తుడిచాక తెల్లరంగు మరకలనుకున్నవి అంకెలు. పక్కకి వంచి చూస్తే 4, దాని పక్కన సగం చెరిగిన 1. చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. 'నాది 63' అన్నారు. ఇరవై ఏళ్లయింది రిటైరయ్యి, మందుబిళ్ల వేసుకున్నారో లేదో గుర్తుండదు, 63 గుర్తుంది. మన ఏఆర్‌దే అయ్యుంటుందని కాదు, అసలు పోలీసుల దగ్గర ఉందో లేదో కూడా... ఏదో పిచ్చి ఆశ, ఆయనకీ నాకూ. తర్వాత నవ్వారు. 'ఎవడో పాపం, కోత్‌లో జమ చెయ్యడం మర్చిపోయాడు. నువ్వు జాగర్త' అన్నారు. కోత్ అంటే వాళ్ల ఆయుధాల గది.

చీలిక సంగతి చెప్పలేదు. నువ్వు ఆదివారం ఆదివారం వెళ్తావు కదా, నోరు జారకు. నీ నోరు నాకు తెలుసు. స్క్రూ ముట్టుకుంటే ఆర్మరరుగారు మెమో ఇప్పించేవారని ఆయనే అన్నారు ఆ రోజు, అంటే నా మొహం చూసి కనిపెట్టారో ఏమో!

చీలికలోకి సూదితో ఎపాక్సీ ఎక్కించి, అడ్డంగా సన్నటి ఇత్తడి ముక్క దిగ్గొట్టి, నిన్న సాయంత్రం క్లాంపులు బిగించాను. మన ఇషాపూర్‌వాళ్లు కూడా ఆ చెక్క గట్టిగా ఉండాలని అడ్డంగా స్క్రూ పెట్టేవారట, దీనికీ ఉంది. కాబట్టి నేను చేసింది పాడుపని కాదు, సంప్రదాయం. ఇలా సర్దిచెప్పుకుంటున్నాను.

నీ మోకాలు ఎలా ఉంది? అడగాలనుకుంటూనే... ఇంకా తాటిమట్ట తుపాకుల గురించి రాద్దామనుకున్నాను, మా పిల్లలకి ఒకటి చేసిపెట్టాలి, ఇక్కడ తాటిచెట్టు ఎక్కడ

అలారం కొట్టింది. ఇరవై నాలుగు గంటలయ్యాయి, క్లాంపులు తీయాలి. అంటుకుంటే ఫోటో పంపుతాను. పంపలేదంటే నువ్వే అర్థం చేసుకో.

ఉంటాను,
నీ ఫోర్‌ట్వంటీ