తుఫాన్ల ఊళ్లో ఇల్లు కొంటూ ఇన్‌స్పెక్షన్ వదులుకోకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలో మనవాళ్లు సొంతిల్లు కొనుక్కోవడం గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. వడ్డీ రేట్లు, స్కూలు రేటింగులు, తూర్పు ముఖం, ఇండియన్ స్టోరు ఎంత దూరం, అన్నీ వివరంగా రాశారు. ఫ్లోరిడాలోని టాంపా, టెక్సస్‌లోని హ్యూస్టన్ పేర్లు కూడా అందులో ఉన్నాయి. కానీ ఆ ఊళ్లలో ఇల్లు కొనేముందు తుఫానుకు తట్టుకుంటుందో లేదో విడిగా చూపించుకోవాలన్న మాట ఎక్కడా లేదు. 2021లో ఆ ఒక్క మాట మాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో బాగుండేది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఏడాది మేం టాంపా శివార్లలో ఇల్లు కొన్నాం. అప్పుడు మార్కెట్ మహా వేడి మీద ఉంది. మాకు నచ్చిన రెండిళ్లు అప్పటికే చేజారిపోయాయి. మూడోదానికి మా రియల్టర్, "ఇన్‌స్పెక్షన్ అక్కర్లేదని రాసిస్తే మన ఆఫర్ ముందుంటుంది" అన్నారు. అంటే కొనేముందు నిపుణుడితో ఇల్లు తనిఖీ చేయించుకోవడం వదులుకున్నట్టు. రాసిచ్చేశాం. డౌన్ పేమెంట్‌లో కొంత మా నాన్నగారు అనకాపల్లి దగ్గర స్థలం అమ్మి పంపిన డబ్బు. వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించాను. వంట ఆగ్నేయంలోనే ఉందని అమ్మ సంతోషపడింది. పైకప్పు గోడలను ఏం పట్టుకుని నిలబడిందో మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు.

తోచకపోవడానికి ఒక కారణం ఉందని తర్వాత అర్థమైంది. మనం స్లాబు ఇళ్లలో పెరిగినవాళ్లం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో మా అమ్మానాన్నల ఫ్లాట్‌లో కిటికీ అద్దాలు పగిలాయి, పరుపులు తడిశాయి, నెత్తి మీద స్లాబు మాత్రం చెక్కుచెదరలేదు. ఇక్కడ గోడలు కాంక్రీటు దిమ్మెలవైనా కప్పు మాత్రం చెక్క. చెక్క దూలాల చట్రాలు, వాటిని ట్రస్‌లు అంటారు, వాటి మీద ప్లైవుడ్, దాని మీద షింగిల్స్ అనే పలచటి పెంకులు. ఒక్క కిటికీ పగిలినా, గ్యారేజ్ తలుపు విరిగినా గాలి లోపలికి జొరబడి కప్పును కిందనుంచి పైకి నెడుతుంది. బయట గాలి పైనుంచి లాగుతూనే ఉంటుంది. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ మయామీకి దక్షిణాన వేల ఇళ్లను అలాగే కూల్చింది. ఆ దెబ్బకు ఫ్లోరిడా రాష్ట్రమంతటికీ కలిపి రాసుకున్న కొత్త బిల్డింగ్ కోడ్ 2002 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందుకే ఇక్కడ ఇల్లు ఏ సంవత్సరం కట్టారన్నది మొదటి ప్రశ్న కావాలి. మాది 1994 నాటిది.

2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ హరికేన్ వచ్చింది. అంతకు రెండు వారాల ముందే హెలీన్ అనే ఇంకో హరికేన్ టాంపా బే ఒడ్డున ఉన్న ఇళ్లలోకి సముద్రాన్ని తోసుకొచ్చింది. మేం ఒడ్డుకు దూరం కాబట్టి అప్పుడు బయటపడ్డాం. మిల్టన్ రాత్రి కరెంటు పోయింది. గ్యారేజ్ తలుపు లోపలికి వంగి మళ్లీ వెనక్కి వెళ్తూ డబ్బా మీద బాదినట్టు ఒకటే మోత. పిల్లలిద్దరినీ కిటికీ లేని బాత్రూంలో కూర్చోబెట్టుకున్నాం. చూరు కింద ఉండే పలకలు గాలికి ఊడిపోయి వాన నేరుగా కప్పుకూ సీలింగుకూ మధ్య ఉండే ఆటిక్‌లోకి కొట్టింది. తెల్లారేసరికి దేవుడి గది సీలింగు తడిసి, కుండలా ఉబ్బి, పటాల మీద కూలింది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాం. ఇక్కడ హరికేన్ నష్టానికి డిడక్టిబుల్ వేరు. మా పాలసీలో అది ఇంటి కవరేజీలో 2 శాతం. 4 లక్షల డాలర్ల కవరేజీ ఉన్న ఇంటికి నష్టంలో మొదటి 8 వేలు మనమే పెట్టుకోవాలి. మా రిపేర్ ఖర్చులో ఎక్కువ భాగం ఆ డిడక్టిబుల్ కిందే పోయింది, మేమే పెట్టుకున్నాం.

రిపేర్లు చేయించేటప్పుడు ఒక ఇన్‌స్పెక్టర్‌ను పిలిచాం. ఆయనతో పాటు నేనూ నిచ్చెనెక్కాను. చూరు మూలకు పాకుతూ వెళ్లి, వేడి దిగకుండా పరిచిన దూదిలాంటి పొరను పక్కకు తోసి, టార్చి వేసి చూపించాడు. ట్రస్ గోడ మీద ఆనిన చోట ఇనుప పట్టీ ఉంది. "మేకులు లెక్కపెట్టండి" అన్నాడు. రెండే ఉన్నాయి. కనీసం మూడు ఉంటేనే దాన్ని పట్టీగా లెక్క వేస్తారట. లేకపోతే ఉత్తి మేకులు వాలుగా కొట్టిన ఇంటితో సమానం. నాన్నగారి స్థలం డబ్బుతో కొన్న ఇంటికి ఒక్కో చోట ఒక్కో మేకు తక్కువ. ఆ లెక్క కొనకముందు తెలిసి ఉంటే ధర తగ్గించమని అడిగేవాళ్లం, లేదా ఆ ఇల్లే వద్దనుకునేవాళ్లం.

అసలు విషయం ఏమిటంటే, మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయించినా ఈ మేకుల సంగతి బయటపడి ఉండేది కాదు. ఆ ఇన్‌స్పెక్టర్ కంటికి కనిపించేది చూస్తాడు. గోడలు విప్పడు. ఈ రోజు ఎక్కడైనా కారుతోందా, ఏసీ నడుస్తోందా, ప్లంబింగ్ బాగుందా అన్నది చెబుతాడు. గాలికి ఇల్లు ఎంత గట్టిదన్నది ఫ్లోరిడాలో వేరే ఫారం. దాన్ని విండ్ మిటిగేషన్ అంటారు. ఏ కోడ్ కింద కట్టారు, పైన పరిచింది ఏమిటి, ప్లైవుడ్‌ను ఏ సైజు మేకులతో ఎంత దగ్గర దగ్గరగా కొట్టారు, కప్పును గోడతో ఏం కలిపింది, కప్పు నాలుగు వైపులా వాలుగా ఉందా, షింగిల్స్ ఎగిరిపోయినా నీళ్లు ఆపే రెండో పొర ఉందా, కిటికీలకూ తలుపులకూ రక్షణ ఉందా అన్నవి అందులో ఉంటాయి. ఆ చివరిదాంట్లో ఒక మెలిక ఉంది. ఇంట్లో అన్నిటికంటే బలహీనమైన కిటికీకి ఏ మార్కు వస్తే ఇల్లంతటికీ అదే మార్కు. అన్నిటికీ షట్టర్లు పెట్టి ఒక్క కిటికీ వదిలేస్తే లాభం లేదు. ఈ ఫారం ఐదేళ్లు చెల్లుతుంది. అందులో మంచి మార్కులు వస్తే ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది.

పాత ఇళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు ఫోర్ పాయింట్ అని ఇంకొకటి అడుగుతాయి. కప్పు, కరెంటు, ప్లంబింగ్, ఏసీల పరిస్థితి చూస్తారు. దానివల్ల పాలసీ రాకుండా పోవచ్చు, పాలసీ లేకపోతే లోన్ కూడా రాదు. కాబట్టి ఇవన్నీ కాంట్రాక్టులో ఇన్‌స్పెక్షన్‌కు ఇచ్చే 10, 15 రోజుల్లోనే అయిపోవాలి. గడువు దాటాక వెనక్కి తగ్గితే ముందుగా కట్టిన డిపాజిట్ చిక్కుల్లో పడుతుంది.

వరద సంగతి పైవాటిలో ఏదీ చెప్పదు. మామూలు ఇంటి పాలసీ వరద నష్టం ఇవ్వదు. ఫెడరల్ వరద పాలసీ ఇంటికి 2.5 లక్షల డాలర్ల దాకా, సామాన్లకు లక్ష దాకా ఇస్తుంది. లోన్ క్లోజింగ్‌తో, అంటే లోన్ పూర్తయి ఇల్లు చేతికొచ్చే రోజుతో, పాటు తీసుకోకపోతే మామూలుగా 30 రోజులకు గానీ మొదలవదు. తుఫాను వార్త విని పరిగెత్తితే అందదు. ఇంటి నేల మట్టం ఎంతో చెప్పే ఎలివేషన్ సర్టిఫికెట్ ఉందేమో అమ్మేవాళ్లను అడగండి. ఫెమా అనే ఫెడరల్ విపత్తు సంస్థ వరద మ్యాపులో ఎక్స్ జోన్, అంటే ముప్పు తక్కువ, అని ఉన్నంత మాత్రాన నీళ్లు రావని కాదు. 2017లో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు హ్యూస్టన్ దగ్గర కేటీ అనే ఊరి వైపు రిజర్వాయర్ల వెనక కట్టిన కాలనీలు మునిగాయి, అక్కడ మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఇంతకుముందు వరద క్లెయిమ్ చేశారా, ప్రభుత్వ సాయం తీసుకున్నారా అన్నది అమ్మేవాళ్లు చెప్పి తీరాలని ఫ్లోరిడాలో 2024 అక్టోబర్ 1 నుంచి చట్టం వచ్చింది. టెక్సస్‌లో వరద వివరాలు చెప్పాలన్న నిబంధనను 2019లో గట్టి చేశారు. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి.

కొత్త ఇల్లు కదా, మాకెందుకు అని చాలామంది అంటున్నారు. కొత్తదానికే ఇంకా సులువు. లోపలి గోడలకు డ్రైవాల్ అనే జిప్సం పలకలు బిగించకముందు బిల్డర్ అనుమతితో మీ సొంత ఇన్‌స్పెక్టర్‌ను పంపండి. పట్టీలు, మేకులు అన్నీ బయటికే కనిపిస్తుంటాయి. ఒకసారి మూసేశాక ఆ అవకాశం మళ్లీ రాదు.

ఇవన్నీ కలిపినా అయ్యే ఖర్చు ఇంటి ధర ముందు చాలా చిన్నది. మన తెలుగు రియల్టర్లకు నా మనవి ఒక్కటే, ఆఫర్ నిలబెట్టడం కోసం ఇన్‌స్పెక్షన్ వదులుకోమని దయచేసి చెప్పకండి. తెలుగు సంఘాలు టాక్సుల మీద, ఇమ్మిగ్రేషన్ మీద శని, ఆదివారాల్లో సదస్సులు పెడుతుంటాయి. ఒక గంట దీనికి కూడా ఇవ్వండి, లైసెన్సు ఉన్న ఒక ఇన్‌స్పెక్టర్‌ను పిలిచి ఆ ఫారం తెర మీద చూపించమనండి. స్థలం అమ్మి పిల్లలకు డబ్బు పంపుతున్న తల్లిదండ్రులు ఆంధ్రాలో, తెలంగాణలో మీ పత్రిక చదువుతారు. వాస్తు అడిగినట్టే "విండ్ మిటిగేషన్ రిపోర్టు వచ్చిందా అమ్మా" అని వాళ్లు కూడా అడగవచ్చు. మా నాన్నగారు ఇప్పుడు ఇక్కడ ఇల్లు చూస్తున్న మా పిన్ని కొడుకును ఫోన్ చేసిన ప్రతిసారీ అదే అడుగుతున్నారు.

హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది. వసంతంలో ఇళ్లు చూసుకునేవాళ్లు ఇప్పుడే ఆఫర్లు రాస్తుంటారు. వీలైతే ఈ ఉత్తరాన్ని ఈ నెలలోనే అచ్చు వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
టాంపా, ఫ్లోరిడా